తరంగాలు తప్పుకునే పడవ

నాన్‌ల్యావ్ రేవులోని చేపల మార్కెట్‌లో ఐసు పెట్టె మూత తీసిన ముసలామె కేక వెయ్యలేదు. రొయ్యల్ని పక్కకి నెట్టి, లోపలికి తొంగి చూసి, "ఇది నేను చెప్పిన సరుకు కాదు," అంది పక్క కొట్టువాడితో. ఆ తర్వాత కూలబడిపోయింది.

రొయ్యల కింద తాంగ్ పడుకుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మెడ వెనక చిన్న రంధ్రం, చుట్టూ గడ్డకట్టిన నెత్తురు. కుడి గుప్పిలి బిగుసుకుపోయి ఉంది.

ఆ గుప్పిలి విప్పే పని చుంగ్ రుయ్-లిన్ మీద పడింది. చుంగ్ గూఢచారి. ఎత్తుగా, చూడ్డానికి ధైర్యంగా ఉంటాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు చెబితే కొత్తవాళ్ళు నిటారుగా నిలబడతారు. వాళ్ళకి తెలియని సంగతి ఒక్కటే. అతనంత పిరికివాడు షిన్‌జూ ఊళ్ళో మరొకడు లేడు. ప్రతి అసైన్‌మెంట్‌కి ముందు ప్రతి చిన్న సంగతీ రెండేసిసార్లు సరిచూసుకుంటాడు. ఇన్నేళ్ళూ ఆ భయమే అతన్ని కాపాడుకుంటూ వచ్చింది. అతని తోటి గూఢచారి తాంగ్‌కి భయం లేదు. అందుకే తాంగ్ ఐసులో ఉన్నాడు.

గుప్పిట్లో రాగి పూత ఉన్న పలచని పలక ముక్క దొరికింది. దాని మీద వరసలు వరసలుగా చిన్న చిన్న రింగులు అచ్చువేసి ఉన్నాయి. ప్రతి రింగుకీ ఒకచోట సన్నటి చీలిక.

చుంగ్ దాన్ని జేబులో వేసుకుని, గోడ చాటుకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

*

"ఇది నాదే," అన్నాడు డాక్టర్ లియావ్, ఆ ముక్కని వెలుగులో పెట్టి చూస్తూ. "కానీ నా లాబ్‌లో తయారైంది కాదు. ఎవరో నా డిజైన్ కాజేసి అచ్చేసుకున్నారు."

లాబ్‌లో ముగ్గురే ఉన్నారు. డాక్టర్ లియావ్, చుంగ్, చుంగ్ పై అధికారిణి పెంగ్. చుంగ్ ఏసీ మెకానిక్ వేషంలో వచ్చాడు. నీలం చొక్కా, పనిముట్ల సంచీ, సంచీలో పచ్చ ప్యాకెట్. ఆ ఊళ్ళో మెకానిక్ అన్నవాడు పచ్చ ప్యాకెట్ లేకుండా పనికి రాడు. అందులో ఉండేవి మొక్కజొన్న చిరుతిళ్ళు. ప్యాకెట్ మీద "బుద్ధిగా ఉండు" అని ఉంటుంది. యంత్రం నెత్తిన పెడితే యంత్రం బుద్ధిగా ఉంటుంది. పచ్చదే కావాలి, గడువు దాటకూడదు, విప్పి తినకూడదు. ఆ లాబ్‌లో సర్వర్ మీద ఒకటి, పంపు మీద ఒకటి, ఆఖరికి కాఫీ మెషిన్ మీద కూడా ఒకటి ఉంది.

గది మధ్యలో బోర్లించిన పెద్ద గంపలాంటి రాగి తొడుగు మీద మాత్రం ఏమీ లేదు. మెకానిక్ వేషం బాగా కుదరాలని చుంగ్ తన ప్యాకెట్ తీసి దాని మీద పెట్టాడు.

"తీసెయ్!" లియావ్ ఎగిరిపడ్డాడు. "దాని మీద కాదు! అన్నిటి మీదా పెట్టుకో, దాని మీద మాత్రం వద్దు! మొన్న ఒక మహానుభావుడు ఇలాగే భక్తి చూపించి నా ప్రయోగమంతా తగలేశాడు!"

"పీహెచ్‌డీ చేశాక నమ్మకాలు పోతాయా డాక్టర్ గారూ?" నవ్వింది పెంగ్.

"నా కారు డాష్‌బోర్డు మీద రెండున్నాయమ్మా. నమ్మకం సంగతి కాదిది."

చుంగ్ ప్యాకెట్ తీసి మళ్ళీ సంచీలో కుక్కుకున్నాడు.

"ఈ గంప ఏం చేస్తుందో మావాడికి కాస్త చెప్పండి," అంది పెంగ్. "తాంగ్ ఎందుకు పోయాడో తెలియాలి కదా."

లియావ్ డ్రాయర్‌లోంచి రబ్బరు గుడ్డ తీశాడు. దాని మీద పెన్నుతో గళ్ళు గీసి ఉన్నాయి. మధ్యలో సూదితో పొడిచి, ఆ చిల్లులో వేలు దూర్చి సాగదీశాడు.

"గీతలు తెగాయా?"

"లేదు. పక్కకి జరిగాయి," అన్నాడు చుంగ్.

"ఊఁ. రాడార్ తరంగం ఈ గీత వెంట నడిచే చీమనుకో. చీమకి తను తిన్నగానే పోతున్నట్టుంటుంది. నా వేలు చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ తన గీత మీదికే వస్తుంది. ఇక్కడొక వేలుందని దానికి తెలియనే తెలియదు."

"గాలి రబ్బరు కాదు కదండీ, సాగదియ్యడానికి?"

"అక్కడే నా పని మొదలవుతుంది. పాత గళ్ళు కొత్త గళ్ళుగా ఎలా మారాయో లెక్క వేస్తాను. ఎక్కడ ఎలాంటి పదార్థం పెట్టాలో ఆ లెక్కే చెబుతుంది. అలాంటి పదార్థం ఏ గనిలోనూ దొరకదు. అందుకే ఈ రింగులు. తరంగానికి వంగిన గళ్ళకీ ఈ పలకలకీ తేడా తెలియదు. ఈ తొడుగు పడవ మీద బోర్లిస్తే రాడార్‌కి అక్కడ ఉత్త సముద్రమే."

"కంటికి?"

"కంటికి మామూలుగా కనబడుతుంది. తీరంలోని రాడార్లూ ఓడల రాడార్లూ వాడే తరంగాల బ్యాండ్ ఒక్కదాన్నే ఇది మాయచేస్తుంది."

"అందుకే దీన్ని కాజేసినవాళ్ళు పొగమంచు రోజు కోసం చూస్తున్నారు," అంది పెంగ్ కిటికీ వైపు చూస్తూ. బయట మంచు కమ్ముకుంటోంది.

"లోపల కూర్చున్నవాడికి ఎలా ఉంటుంది డాక్టర్ గారూ?" చుంగ్ అడిగాడు. ఎందుకు అడిగాడో అతనికే తెలియదు.

లియావ్ వేలు బయటికి తీశాడు. "ఏ తరంగమూ వాడి దాకా రాదు. రాడార్ వాణ్ణి చూడదు, వాడు రాడార్‌ని చూడడు. లోకం వాడి పక్కనించి వెళ్ళిపోతుంది."



*

పెంగ్ బ్రీఫింగ్ కారులో, రెండు ముక్కల్లో అయిపోయింది. పరాయి ముఠా ఒకటి తొడుగు నమూనాని కాజేసి పడవకి అమర్చుకుంది. వాళ్ళలో మన మనిషి ఒకామె ఉంది, పేరు వివియన్. ఆమెని కలవాలి.

"ఇది ఉంచుకో," అని ఒక స్టీలు ఫ్లాస్కు ఇచ్చింది. "రాడార్ తరంగం తగిలితే జవాబిచ్చే పరికరం. అడుగున అయస్కాంతం ఉంది. పడవకి అంటించి దిగి వచ్చెయ్. తొడుగు బయట అంటించాలి, లోపల కాదు. నా స్క్రీన్ మీద చుక్కల వరస పడుతుంది, మిగతాది కోస్ట్‌గార్డు చూసుకుంటుంది. భయమేస్తోందా?"

"లేదు మేడమ్."

"అబద్ధం. మంచిదే. తాంగ్ కూడా కాస్త భయపడి ఉంటే బాగుండేది."

గుడి పక్క సందులో చేప ఉండల సూపు అమ్మే కొట్టు ముందు వివియన్ కూర్చుని ఉంది. తెల్ల కోటు, ఎర్రటి గోళ్ళు, చెవులకి ముత్యాలు. చుట్టుపక్కల మగవాళ్ళు సూపు చల్లారబెట్టుకుంటూ ఆమెనే చూస్తున్నారు.

"సూపులో సెలరీ ఆకు ఎక్కువ వేయించుకున్నారా?" అడిగాడు చుంగ్, ఎదురుగా కూర్చుంటూ.

"నాకు మిరియాలే ఇష్టం," అంది ఆమె. కోడ్ సరిపోయింది. "మీరేమిటి ఇలా చెమటలు పోస్తున్నారు?"

"సూపు వేడిగా ఉంది."

"మీ సూపు ఇంకా రాలేదు మిస్టర్ చుంగ్."

అప్పుడే అతని ఫోన్ మోగింది. అవతల పెంగ్ గబగబా చెప్పింది. "లియావ్‌ని ఎత్తుకుపోయారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక లాబ్ అంతా లైట్లార్పి బల్లల మీద తలలు పెట్టి పడుకున్నారు. రోజూ ఉండే కునుకే. కాపలావాడితో సహా! లేచి చూసేసరికి కుర్చీలో ఆయన కోటు ఉంది, ఆయన లేడు."

వివియన్ నెమ్మదిగా తల ఊపింది. "విన్నాను. వాళ్ళకి తొడుగొక్కటే చాలదు. ప్రతి కొత్త ఆకారానికీ లెక్క మళ్ళీ వెయ్యాలి, ఆ లెక్క ఆయన తలలోనే ఉంది. పడవ ఇప్పుడే బయల్దేరుతోంది. నడిసముద్రంలో ఓడ కాచుకుని ఉంది. అది ఎక్కించారంటే ఆయన్ని మళ్ళీ ఎవరూ చూడరు. పడవ ఫ్యాను పాడైంది, మెకానిక్‌ని తెమ్మన్నారు. వస్తారా?"

రానని చెప్పాలని చుంగ్‌కి ప్రాణం పీకింది. రబ్బరు గుడ్డలో దూరిన లియావ్ వేలు గుర్తొచ్చింది. లేచాడు.

*

రేవు చివర పాత పడవల షెడ్డు. లోపల నీళ్ళ మీద ఒక పొట్టి పడవ, దాని మీద రాగి తొడుగు. ముందు వైపు సన్నటి చీలిక, వెనక మనిషి దూరేంత తలుపు. ఆ తలుపు దగ్గర పడవ నడిపేవాడు అషుయ్ నిలబడి తమలపాకు, వక్క నములుతున్నాడు.

చుంగ్ ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నాడు. తొడుగు అంచు మూరెడు దూరంలో ఉంది. చెయ్యి చాచాడు.

"అక్కడ కాదు," అంది వివియన్ వెనకనించి. మెడకి చల్లటి ఇనుము తగిలింది. "దాన్ని లోపలికి తీసుకెళ్దాం. లోపలుంటే అది మూగదే కదా?"

ఫ్లాస్కు సంగతి పెంగ్‌కి తెలుసు, తనకి తెలుసు, మన మనిషే కదా అని తామే చెప్పిన ఈమెకి తెలుసు.

"తాంగ్..." అన్నాడు.

"ఆయన కూడా సెలరీ గురించే అడిగాడు. ఆయన చేతులు మాత్రం వణకలేదు. ఎక్కు. ఇక్కడ కాలిస్తే మార్కెట్ అంతా వింటుంది. సముద్రంలో ఎవరూ వినరు."

లోపల మసక చీకటి, డీజిలు కంపు. డాక్టర్ లియావ్ చేతులు కట్టేసి ఒక మూల ముడుచుకుని ఉన్నాడు. చుంగ్‌ని చూసి ఆయన ముఖం వెలిగింది, వెనక పిస్తోలు చూసి ఆరిపోయింది. వివియన్ చుంగ్ ఫోన్ లాక్కుంది. ఫ్లాస్కు తన ఒళ్ళో పెట్టుకుంది. పనిముట్ల సంచీ బోర్లించింది. స్క్రూడ్రైవర్, టెస్టర్, పచ్చ ప్యాకెట్.

"ఫలహారం కూడా తెచ్చుకున్నావే!" నవ్వి, ప్యాకెట్‌ని కాలితో పక్కకి నెట్టేసింది.

పడవ కదిలింది. చీలికలోంచి తెల్లటి పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు. ఒడ్డున పెంగ్ స్క్రీన్ ముందు కూర్చుని చుక్కల వరస కోసం చూస్తూ ఉంటుంది. ఆ వరస పడదు. లోకం మన పక్కనించి వెళ్ళిపోతోంది అనుకున్నాడు చుంగ్. ఏడుపొచ్చింది. ఏడిస్తే లియావ్ ఇంకా భయపడతాడని పళ్ళు బిగించాడు.

కొంత దూరం పోయాక ఇంజను దగ్గింది. మళ్ళీ దగ్గింది. అషుయ్ నమలడం ఆపేశాడు.

"ప్యాకెట్ ఏదీ?" అన్నాడు.

"ఏ ప్యాకెట్?" అంది వివియన్.

"యంత్రం మీద పచ్చ ప్యాకెట్ పెట్టలేదా? అమ్మా, ఇంత పెట్టుబడి పెట్టి ఇంత సొగసైన తొడుగు చేయించి, ఒక్క ప్యాకెట్ పెట్టించలేకపోయారా? మా నాన్న ముప్పై ఏళ్ళు పడవ నడిపాడు, ప్యాకెట్ లేకుండా తాడు విప్పలేదు!"

"నోర్మూసుకుని నడుపు."

"నడవనంటోంది కదా, వినబడట్లా?" ఇంజను మూడోసారి దగ్గింది. అషుయ్ కిందకి వంగి చుంగ్ ప్యాకెట్ ఏరుకున్నాడు. "ఇదిగో, తమ్ముడు తెచ్చాడు. బుద్ధిమంతుడు." ఇంజను మూత మీద పెట్టబోయాడు.

"అక్కడ పెడితే ఏం లాభం?"

అన్నది డాక్టర్ లియావ్. గొంతు పీలగా ఉంది.

"ఇంజను పాతదే, అది దాని మానాన అది నడుస్తుంది. కొత్త యంత్రం ఈ తొడుగు. తొడుగు నెత్తిన పెట్టు నాయనా. బయట, బాగా పైన. నా లాబ్‌లో ఎప్పుడూ అలాగే పెడతాం."

పొద్దున ఇదే మనిషి ఇదే ప్యాకెట్ చూసి ఎగిరిపడ్డాడు. దాని మీద మాత్రం వద్దు! ప్రయోగమంతా తగలేశాడు! చుంగ్ తల దించుకున్నాడు. తన కళ్ళు ఎవరికీ కనబడకూడదు.

వివియన్ కనుబొమలు ముడుచుకున్నాయి. "బయటా? ఎందుకు?"

"మీరు ఎక్కడ పెరిగారమ్మా?" అన్నాడు లియావ్.

"వాంకూవర్‌లో."

"అదీ సంగతి!" అషుయ్ తొడ చరుచుకున్నాడు. "డాక్టరే చెబుతుంటే మధ్యలో నీ వాంకూవర్ ఏమిటి?"

తలుపు తీయబోయి ఆగాడు. ప్యాకెట్ తిప్పి, కళ్ళ దగ్గర పెట్టుకుని, అడుగున అచ్చువేసిన తేదీ చదవసాగాడు. గడువు దాటినది పెడితే యంత్రం పగబడుతుంది. అది అందరికీ తెలుసు. చుంగ్‌కి ముచ్చెమటలు పోశాయి. పొద్దున హడావిడిగా కొన్నాడు, తేదీ చూడలేదు. జీవితంలో మొదటిసారి చూడలేదు. గూఢచారి అయి ఇన్నేళ్ళు బతికి, చిరుతిళ్ళ ప్యాకెట్ తేదీ చూడక చావబోతున్నానా అనుకున్నాడు.

"ఇవాళ్టితో ఆఖరు," అన్నాడు అషుయ్. ఆలోచించాడు. "ఇవాళ ఇంకా అవలేదు కదా. పనిచేస్తుంది."

తలుపు తీసి, నడుం దాకా బయటికి వంగి, ప్యాకెట్‌ని తొడుగు నడినెత్తిన పట్టీ కింద దోపి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి లోపలికి వచ్చాడు. ఇంజను ఇంకోసారి దగ్గి, ఆ తర్వాత సాఫీగా నడిచింది.

"చూశావా!" అన్నాడు.

"మీ మూఢనమ్మకాలు మీరూ," అంది వివియన్.

చాలాసేపు ఏమీ జరగలేదు. ప్యాకెట్ సంగతి తను తప్పుగా అర్థం చేసుకున్నాడేమోనని చుంగ్ లియావ్ వైపు చూశాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. లెక్కలు వేస్తున్నాడో, ప్రార్థన చేస్తున్నాడో తెలియలేదు.

అప్పుడు వినబడింది. మంచులోంచి, ఎడమ వైపు నించి, కడుపులో పేగులు వణికించేంత బరువైన ఓడ కూత.

"మన ఓడేనా?" అంది వివియన్.

"కాదు," అషుయ్ ముఖం పాలిపోయింది. "కంటెయినర్ ఓడ. అమ్మో, ఇంత దగ్గరా? వాళ్ళ రాడార్‌లో మనం లేం! మనం ఉన్నట్టు వాళ్ళకి తెలియదు!"

మళ్ళీ కూత. ఈసారి ఇంకా దగ్గర. అషుయ్ చుక్కాని కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు. ఎటు తిప్పాలో ఎవరికి తెలుసు? వివియన్ చేతిలో పిస్తోలు వణకసాగింది. ఆమె కూడా భయపడుతుందని చుంగ్‌కి అప్పుడే తెలిసింది. ఆ భయంలో ఆమె తనకంటే కొత్త. ఇన్నేళ్ళుగా భయంతో కాపురం చేస్తున్నవాడు తను.

చీలికలోంచి చూశాడు. మంచు నల్లబడింది. నల్లబడి, నల్లబడి, తుప్పు మరకలున్న ఇనప గోడ అయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మని తలుచుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

పొట్టి కూతలు అయిదు, ఒకదాని వెనక ఒకటి. ఎదుటి పడవని చూసి "ఏం చేస్తున్నావురా" అని తిట్టే కూతలవి. లేనిదాన్ని ఎవరూ తిట్టరు.

"చూశారు!" అరిచాడు చుంగ్. "మనల్ని చూశారు!"

గోడ పక్కకి తిరిగింది. ఒక చేతి దూరంలో గోడంతా జారిపోతూ వెళ్ళింది. దాని వెనక కొండలాంటి అల లేచి పడవని ఎత్తి కుదేసింది. వివియన్ తొడుగుకి గుద్దుకుంది, పిస్తోలు ఎగిరి పడవ అడుగున చేరిన నీళ్ళలో పడింది. ఆమె దాని కోసం చెయ్యి చాచేలోపు చుంగ్ ఆమె మీద పడ్డాడు. ధైర్యంతో కాదు, ఆ కుదుపుకి నిలబడలేక. కానీ పడ్డవాడు లేవలేదు, ఆమె రెండు చేతులూ పట్టుకుని, పళ్ళు టకటకలాడుతుండగా, కోస్ట్‌గార్డు లాంచీ దీపాలు చీలికలోంచి లోపలికి పడేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

*

రేవు మీద పెంగ్ దుప్పటి పట్టుకుని నిలబడి ఉంది.

"ఫ్లాస్కు పలకలేదు," అంది. "పోయావనుకున్నాను. ఉత్త సముద్రం మీద చిన్న చుక్క ఒకటి, సముద్రపక్షి అంత చుక్క, స్పీడుబోటు వేగంతో పోతోంది. అంత వేగంగా తిన్నగా పోయే పక్షేదీ నాకు తెలియదు. లాంచీ పంపాను. ఏమిటయ్యా ఆ చుక్క?"

డాక్టర్ లియావ్ పచ్చ ప్యాకెట్‌ని ఆమె చేతిలో పెట్టాడు. తడిసింది, నలిగింది, చిరగలేదు.

"దీని లోపలి వైపు అల్యూమినియం పూత ఉంటుందమ్మా. తొడుగు ఎంత బాగా తరంగాల్ని దాటించినా, దాని నెత్తిన అద్దం పెడితే అద్దం కనబడుతుంది కదా? నా ప్రయోగాన్ని తగలేసింది ఇదే."

చుంగ్ దుప్పటి కప్పుకున్నాడు. వణుకు ఇంకా ఆగలేదు. దాచుకోవాలని కూడా అనిపించలేదు. తాంగ్ ఉండి ఉంటే పగలబడి నవ్వేవాడని అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బేడీలతో పక్కనించి నడుస్తున్న అషుయ్ ఆగాడు. అతని ముఖంలో జైలు దిగులు లేదు, మరేదో బాధ ఉంది.

"తమ్ముడూ, ఒక్క మాట. పచ్చదే పెట్టాం. గడువు చూశాం. విప్పలేదు, తినలేదు, దణ్ణం కూడా పెట్టాను. మరి యంత్రం ఎందుకు అడ్డం తిరిగింది?"

చుంగ్ తొడుగు వైపు, దాని పక్కన నిలబడి రాగి రింగుల్ని చొక్కా అంచుతో తుడుచుకుంటున్న డాక్టర్ లియావ్ వైపు చూశాడు.

"అడ్డం తిరగలేదన్నా," అన్నాడు. "బుద్ధిగానే ఉంది. యజమాని మాట విని ఇంటికొచ్చింది."